ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు ఎలా చెప్పాలి?

మొదటి రోజే బోర్డు మీద ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, యాబ్‌స్ట్రాక్షన్ అని రాసి డెఫినిషన్లు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లలు వాటిని బట్టీపట్టి పరీక్షలో రాసేస్తారు. ల్యాబ్‌లో కూర్చోబెడితే మాత్రం రెండు ఆబ్జెక్టులు (డేటా, దాంతో చేసే పనులు ఒకచోట ఉన్న వస్తువులు) కలిసేసరికి చేతులెత్తేస్తారు. మూడు వారాల దాకా ఆ నాలుగు మాటలూ ఎత్తకండి.

బోర్డు, రెండు రంగుల మార్కర్లు, జావా లేదా పైథాన్ ఉంటే చాలు. స్లైడ్లు వద్దు. బొమ్మ పిల్లల కళ్లముందే గీయాలి.

1. ముందు మామూలు వేరియబుల్స్‌తోనే మూడు బ్యాంకు ఖాతాలు రాయించండి: పేరు1, నిల్వ1, పేరు2, నిల్వ2... నాలుగో ఖాతా అడగ్గానే వాళ్లకే విసుగొస్తుంది. క్లాస్, అంటే ఒకే రకం ఆబ్జెక్టులన్నిటికీ అచ్చు, చూపించాల్సింది అప్పుడే. అసలు క్లాస్ పుట్టిందే ఈ అవసరంలోంచి. 1960లలో నార్వేలో డాల్, నిగార్డ్ తయారుచేసిన సిములా భాష సిమ్యులేషన్ల కోసం, అంటే నిజ ప్రపంచంలో జరిగేవాటిని కంప్యూటర్లో అనుకరించడానికి. ఒకే రకం వస్తువులు బోలెడు, దేని స్థితి దానిదే.

2. ఖాతా క్లాస్ రాయించండి. రెండు ఫీల్డులు (పేరు, నిల్వ), ఒక కన్‌స్ట్రక్టర్ (కొత్త ఖాతాను తయారుచేసే భాగం), జమ, విత్‌డ్రా మెథడ్‌లు (ఖాతా చేసే పనులు). అరగంట పని.

3. అసలు చిక్కు ఇక్కడ. నిల్వ 500తో ఖాతా1 సృష్టించి, కింద 'ఖాతా2 = ఖాతా1' అని రాయండి. తర్వాత ఖాతా2 నుంచి 200 విత్‌డ్రా చేయండి. ఖాతా1లో ఎంత ఉంది?

చాలామంది 500 అంటారు. తప్పు వాళ్లది కాదు. 'ఎ = 5, బి = ఎ, బి = 6' అని రాస్తే ఎ 5గానే ఉంటుందని మనమే నేర్పాం. జవాబు 300. ఉన్నది ఒకే ఖాతా, దానికి రెండు పేర్లు.

నా దగ్గర ఒకమ్మాయి ఇలాంటి తప్పు కోసమే గంటసేపు విత్‌డ్రా మెథడ్‌ను గాలించింది. మెథడ్‌లో ఏ తప్పూ లేదు. కాగితం మీద గీయమన్నాను. ఒకే ఖాతాకు రెండు పెట్టెలు గీసింది. అప్పుడు దొరికింది రోగం.

అందుకే నీలం రంగుతో ఆబ్జెక్ట్‌ను పెట్టెగా గీయండి. వేరియబుల్ పేరు పెట్టె బయట ఉండాలి, దాని నుంచి పెట్టెకు ఎరుపు బాణం. సమానం గుర్తు బాణాన్ని కాపీ చేస్తుంది, పెట్టెను కాదు. కొత్త పెట్టె కావాలంటే జావాలో 'న్యూ' రాయాలి, పైథాన్‌లో క్లాస్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టాలి. పేరును పెట్టె లోపల రాశారా, ఇదంతా వృథా. రంగులు మార్చినా నేను ఒప్పుకోను.

ఇక్కడ తొందరపడితే తర్వాత ప్రతి వారం ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది. జావాలో '==' (రెండూ ఒకటేనా అని అడిగే గుర్తు) పెట్టి రెండు ఖాతాల్లో వివరాలన్నీ ఒకటే అయినా ఫాల్స్ ఎందుకొచ్చిందని అడుగుతారు. అది పోల్చేది బాణాలను. పైథాన్‌లో లావాదేవీల లిస్టును కన్‌స్ట్రక్టర్‌లో కాకుండా క్లాస్ ఒంట్లోనే పెట్టి, ఒకరి లావాదేవీలు అందరి ఖాతాల్లోనూ కనిపిస్తున్నాయంటారు. లిస్టు ఒక్కటే, బాణాలన్నీ దాని మీదకే.

4. ఇన్‌హెరిటెన్స్, అంటే ఉన్న క్లాస్ మీద కట్టి కొత్త క్లాస్ చేయడం, ఆఖరున. జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణ దయచేసి వద్దు. కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది, ప్రోగ్రామ్‌కు ఒరిగిందేమీ ఉండదు. ఉన్న ఖాతాకే వడ్డీ కలిపి పొదుపు ఖాతా చేయించండి.

అయితే నాలుగో మెట్టెక్కే ముందు ఈ ప్రశ్న వేయండి. నిల్వ 300 ఉన్న ఖాతాను ఒక ఫంక్షన్‌కు పంపాం. లోపల పారామీటర్ (పంపిన ఖాతాకు ఫంక్షన్ లోపల ఉండే పేరు) నుంచి 50 విత్‌డ్రా చేసి, తర్వాత అదే పారామీటర్‌కు 1000తో కొత్త ఖాతా అసైన్ చేశాం. బయట నిల్వ ఎంత? 300 అన్నవాళ్లు పెట్టె కాపీ అయిందనుకుంటున్నారు. 1000 అన్నవాళ్లు లోపలి బాణం, బయటి బాణం ఒకటే అనుకుంటున్నారు. బొమ్మ గీసి 250 అని చెప్పేదాకా ఇన్‌హెరిటెన్స్ మొదలుపెట్టకండి.