ఫ్రాంజ్ సెల్‌లో స్కిన్ బిగించే ముందు
నానో జింక్ ఆక్సైడ్ (జింక్ ఆక్సైడ్ అతి సన్నటి పొడి) చర్మం దాటుతుందా అని ఫ్రాంజ్ సెల్‌లో, అంటే మధ్యలో చర్మం ముక్క బిగించి, పైన డోస్ వేసి, కింద ద్రవంలోకి ఎంత దిగిందో చూసే గాజు పాత్రలో, టెస్ట్ పెట్టేవాళ్ళు ముందు ఇవి చూసుకోండి.

– స్కిన్ ఇచ్చినవాళ్ళ సమ్మతి పత్రం, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ చేతికొచ్చాకే ఫ్రీజర్ తెరవండి, ఇందులో రాజీ వద్దే వద్దు.

– కంటికి ఆనని చిరుగున్నా పార్టికల్స్ అక్కడ్నుంచే దిగిపోతాయి, రిజల్ట్ మొత్తం తప్పుతుంది, అందుకే డోస్ వేయకముందే ప్రతి ముక్కకీ నీటి ఆవిరి నష్టం గానీ ఎలక్ట్రికల్ రెసిస్టెన్స్ గానీ కొలవండి, తేడా ఉన్నది తీసేయండి, ముక్కలు తక్కువున్నాయని సర్దుకోవద్దు.

– చర్మం మీద 32 డిగ్రీలు, అటూఇటూ ఒక్క డిగ్రీ. తేమ 30 నుంచి 70 శాతం ఉంటే మంచిదని ఓఈసీడీ 428 (ఇలాంటి చర్మం టెస్టులకి అంతర్జాతీయ గైడ్‌లైన్) చెప్తుంది, మన వైజాగ్‌లో ఏసీ ఆగితే ఆ ఉక్కకి అది దాటిపోద్ది కాబట్టి 24 గంటల రన్ అయితే రాత్రికి పవర్ బ్యాకప్ చూసుకోండి.

– చర్మం కింద ద్రవంలో గాలి బుడగ ఉంటే సెల్ వంచి తట్టి పంపేయండి.

– పొడి తూచేది ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె), గ్లవ్స్, ఎన్95 తప్పనిసరి.

– అన్నిటికంటే ముఖ్యం, డోస్ వేయని సెల్ ఒకటి, మామూలు జింక్ సాల్ట్ వేసిన సెల్ ఒకటి పక్కన పెట్టండి. చర్మంలోనే జింక్ ఉంటుంది, పైన పొడి నుంచి కరిగిన జింక్ అయాన్లు కూడా దిగుతాయి, ఐసీపీ-ఎంఎస్‌లో (లోహం ఎంతుందో కొలిచే మెషిన్) జింక్ కనపడగానే నానో పార్టికలే దాటిందని రాసేయకండి.