గుర్రాల దగ్గర పనికి ఏ బట్టలు కొనాలి

గుర్రం అనగానే అందరికీ స్వారీయే గుర్తొస్తుంది, షాపులో కూడా టైట్ ప్యాంట్లు, మోకాలి దాకా మెరిసే బూట్లే ముందు కనపడతాయి. కానీ గుర్రాలతో ఉండేవాళ్ళ టైమ్ చాలావరకు నేల మీదే గడుస్తుంది, లద్దె ఎత్తడం, గడ్డి మోపులు మొయ్యడం, మాలీషు, గిట్టలు గీకడం, పగ్గం పట్టుకుని నడిపించడం. అందుకే జీను మీద ఎలా కనపడతాం అన్నది తర్వాత చూద్దురు గానీ, ముందు ఈ పనుల కోసం కొనండి.

డబ్బులు తక్కువుంటే బూట్లకీ హెల్మెట్‌కీ పెట్టేసి మిగతావి ఇంట్లో ఉన్న పాతవే వాడుకోండి, నా లెక్కలో అదే కరెక్ట్. మామూలు సైజు గుర్రం 400 నుంచి 600 కిలోలు ఉంటుంది, అది కోపంతో తొక్కదు, పక్కకి ఒక అడుగు వేస్తుంది అంతే, ఆ అడుగు కింద మీ పాదం ఉంటుంది. చెప్పులూ గుడ్డ షూసూ లాయంలోకి అసలు వద్దు. చీలమండ పైదాకా వచ్చే గట్టి తోలు బూటు, జారని సోల్, ఇవి ఉంటే చాలావరకు పనైపోతుంది. స్టీల్ టో, అంటే వేళ్ళ మీద లోపల ఇనుప రేకు ఉండే బూట్లు, వాడితే గుర్రం తొక్కినప్పుడు ఆ రేకు వంగి వేళ్ళు తెగుతాయని చాలామంది భయపెడతారు గానీ ఆ సేఫ్టీ బూట్లని 200 జౌల్స్ దెబ్బ పెట్టి టెస్ట్ చేస్తారు, వేళ్ళ మీద తోలు ఒక్కటే ఉండేకన్నా అదే నయం. కాకపోతే ముందు భాగం లావుగా ఉంటుంది, కింద సోల్‌కి లోతు గాళ్ళు ఉంటాయి, స్వారీ టైమ్‌లో రికాబులో, అంటే జీనుకి వేలాడుతూ పాదం పెట్టుకునే దాన్లో, ఇరుక్కుంటే కింద పడ్డా కాలు బయటికి రాదు, గుర్రం ఈడ్చుకుపోతుంది. ఎక్కడానికి వేరే జత ఉండాలి, సోల్ కొంచెం నున్నగా, మడమ ఒక రెండు రెండున్నర సెంటీమీటర్లు ఎత్తుగా ఉండి పాదం రికాబులోంచి ముందుకి దూరిపోకుండా ఆపేది. రబ్బరు బూట్లు బురదకీ గుర్రాన్ని కడిగేటప్పుడూ హాయిగానే ఉంటాయి, తొక్కితే మాత్రం వాటి వల్ల పెద్ద రక్షణ ఉండదు.

హెల్మెట్ సైకిల్‌ది సరిపోదు. గుర్రపు స్వారీకి వేరే స్టాండర్డ్స్ ఉన్నాయి, లోపల లేబుల్ మీద ఏఎస్టీఎం ఎఫ్1163 (ASTM F1163, అమెరికా స్టాండర్డ్) లాంటి నంబర్ ఉందో లేదో చూడండి. బెల్ట్ పెట్టకుండా తల కిందికి వంచి ఊపితే అది కదలకూడదు. ఒకసారి గట్టిగా నేలకి తగిలిందంటే పైకి పగులు కనపడకపోయినా లోపలి ఫోమ్ నొక్కుకుపోయి ఉంటుంది, మార్చేయడమే, సెకండ్ హ్యాండ్ కూడా అందుకే కొనొద్దు. బెదిరే గుర్రాన్ని బండి ఎక్కించేటప్పుడు కింద నిలబడ్డా సరే పెట్టుకోండి.

ఇక పైన వేసే జాకెట్, దీని దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. గుర్రానికి చూపు దాదాపు చుట్టూరా ఉంటుంది, పక్కన ఏదన్నా రెపరెపలాడితే మనకన్నా ముందే పట్టేస్తుంది, అందుకని షాపులోనే జాకెట్ వేసుకుని చేతులు ఊపి చూడండి, పాలిథిన్ కవర్‌లాగా చరచరమని సౌండ్ వస్తే అక్కడే వదిలేయండి. వంగి గిట్ట ఎత్తినట్టు చెయ్యండి, వీపు బయటపడకూడదు, భుజాల దగ్గర పట్టెయ్యకూడదు. జిప్ కింద నుంచి కూడా తెరుచుకునేదైతే కూర్చోడానికి సుఖం. హుడ్ ఉంటే ఊడదీసేదై ఉండాలి, తల మీదికి లాక్కుంటే పక్కనుంచి వచ్చే గుర్రం కనపడదు వినపడదు, దాని తాళ్ళు తలుపు గడియకి తగులుకుంటాయి. జేబులకి జిప్ ఉండాలి, గిట్ట గీకే కొక్కెం, ఫోన్ అందులో, క్యారెట్ ముక్కలు మాత్రం వద్దు, ఒక్కసారి రుచి మరిగిందా ఇక రోజూ మీ జేబు కొరకడమే దాని పని.

చలికి ఒక్క లావు కోటు కన్నా పల్చటివి రెండు మూడు పొరలు మంచిది, ఎందుకంటే పది నిమిషాలు లద్దె ఎత్తేసరికి చెమట పడుతుంది, ఆగగానే చలేస్తుంది, పొరలైతే విప్పుకుంటూ వేసుకుంటూ ఉండొచ్చు. ఒంటికి తగిలే పొర కాటన్ అయితే చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉండిపోతుంది, పల్చటి ఉన్నిదో స్పోర్ట్స్ టీషర్టో మేలు. ఫ్లీస్, అంటే నూగు నూగుగా ఉండే స్వెటర్ లాంటి బట్ట, వెచ్చగానే ఉంటుంది గానీ రోమాలూ గడ్డి పరకలూ మొత్తం దానికే అతుక్కుంటాయి, దాన్ని నున్నటి జాకెట్ లోపలే ఉంచండి. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్సే, పల్చగా వదులుగా, లేత రంగులో, ముదురు రంగులకి జోరీగలు ఎక్కువ వస్తాయి. గడ్డి ఎత్తుగా ఉన్నచోట పిడుదులు పాకకుండా ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపేయండి. ప్యాంటు సాగేదై ఉండాలి, జీన్స్ తడిస్తే బరువెక్కి బిగుసుకుపోతుంది, స్వారీలో లోపలి కుట్టు ఒరుసుకుని తొడలు కమిలిపోతాయి.

గ్లోవ్స్ తప్పనిసరి. గుర్రం ఒక్క గుంజు గుంజితే పగ్గం అరచేతిలోంచి జారుతూ తోలు ఊడదీసేస్తుంది. తాడు ముడి విప్పగలిగేంత పల్చగా ఉండాలి, మరీ లావువి అయితే చిరాకేసి తీసి పక్కన పెట్టేస్తారు. గ్లోవ్స్ ఉన్నాయి కదా అని పగ్గాన్ని చేతికి చుట్టుకోకండి. ఉంగరాలు, గొలుసులు, వేలాడే చెవి రింగులు, చున్నీ, మెడ చుట్టూ స్కార్ఫ్, ఇవన్నీ లాయం బయటే, పొడుగు జుట్టు ముడేసుకోండి. రోడ్డు మీదికి తీసుకెళ్తే మెరిసే పసుపు వెస్ట్ ఒకటి పైన, ఆ ఫ్లోరోసెంట్ రంగు పగటికే, చీకట్లో హెడ్‌లైట్‌కి మెరిసేది దానిమీద ఉండే వెండి రంగు పట్టీ, రెండూ ఉన్నది తీసుకోండి.

ఉతికేటప్పుడు రోమాలు ఆరాక బ్రష్‌తో దులిపి అప్పుడు మెషిన్లో వెయ్యండి, లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. వాన జాకెట్‌కీ చెమట పీల్చే టీషర్ట్‌లకీ ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే వాటి గుణం పోతుంది. తోలు బూట్లని మాత్రం ఏ రోజుకారోజు తడిగుడ్డతో తుడవండి, మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా తోలునీ కుట్లనీ తినేస్తుంది, ఎండలో పెట్టకుండా లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి.