కార్తీక ఉపవాసాలకు ముందు: కేన్సర్ రోగి ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

కార్తీక సోమవారం వచ్చిందంటే మన శ్రీకాకుళం జిల్లాలో చుక్క కనబడేదాకా ఏమీ ముట్టనివాళ్లు చాలామంది. ఇంట్లో కేన్సర్‌తో చిక్కిపోతున్నవాళ్లుంటే మాత్రం ఈసారి వాళ్లని పస్తుంచకండి. మొక్కుంటే ఇంకొకరు తీర్చొచ్చు. కీమో నడుస్తుంటే నాగావళి స్నానం కూడా వద్దు, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది.

"తిండి మానేస్తే గడ్డ మాడిపోతుంది కదమ్మా" అని పెద్దవాళ్లే అంటుంటారు. మాడదు. గడ్డ గ్లూకోజ్‌ని విపరీతంగా లాక్కుని లాక్టేట్‌గా (గ్లూకోజ్ సగం విరిగాక మిగిలే పదార్థం) వదిలేస్తుంది. కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది. గడ్డకి 2 పాళ్ల శక్తి దక్కితే కాలేయానికి 6 పాళ్లు ఖర్చు. పైగా ఇన్‌ఫ్లమేషన్ (జబ్బు వల్ల ఒంట్లో రేగే వాపు) వల్ల కండరాల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తంలో చక్కెర ఉన్నా కండకి అందదు, ఆ కండే కరిగి కాలేయానికి గ్లూకోజ్ సరుకవుతుంది. ఇక పస్తు కూడా ఉంటే, పొయ్యిలోకి కట్టెల్లేక ఇంటి వాసాలు పీకినట్టే.

వారానికోసారి తూకం చూడండి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 57కి దిగితే డాక్టరుకి చెప్పాల్సిందే. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉంటే తూకాన్ని నమ్మలేం. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, చెయ్యి ఊనకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా గమనించండి.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. తిండి తగ్గినా మాత్రలో ఇన్సులినో పాత డోసే వేస్తే షుగర్ పడిపోవచ్చు: చెమటలు, వణుకు, మాట తడబాటు. స్పృహ ఉంటే వెంటనే గ్లూకోజ్ నీళ్లు పట్టండి. లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. కీమోతో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చిన రోజుల్లో ఇదే షుగర్ పైకి పోతుంది. డోసు సొంతంగా మార్చకండి, విశాఖ కీమోకి వెళ్లినప్పుడే ఏ రోజు ఎంతో రాయించుకోండి.

చోడి (రాగి) అంబలి మంచిదే, ఒక్కటే చాలదు. కిడ్నీ జబ్బు లేకపోతే బరువులో కిలోకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీచు ముట్టని నెల కాబట్టి పెసరట్టు, పెరుగు, పన్నీరు, అంబలిలో కలిపిన పలాస జీడిపప్పు పొడి. నెయ్యి ధారాళంగా వేయండి. రెండేసి గంటలకి కొంచెం కొంచెం పెట్టండి. తినలేదని మాత్రం కసరకండి, ఆకలి చంపేది ఆ జబ్బే. ఎంత పెట్టినా బరువు తగ్గుతూనే ఉన్నా, మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా తర్వాతి కీమో తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.