రియాక్టరు జాకెట్టు కారుతోందా? 304, 316ఎల్ స్టీలు సమస్యలు - పరిష్కారాలు

చౌటుప్పల్, జడ్చర్ల వైపు మందుల కంపెనీల్లో స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టరు (రసాయన చర్య జరిపే పాత్ర) కారిందంటే చాలు, ‘304 తీసేసి 316 వేయించండి’ అనే సలహా ముందుగా వస్తుంది. ఇవి స్టెయిన్‌లెస్ స్టీలు రకాల (గ్రేడుల) సంఖ్యలు, చివర ‘ఎల్’ ఉంటే కార్బను తక్కువని అర్థం. గ్రేడు మార్చే ముందు లోహం ఎలా దెబ్బతిన్నదో చూడాలి.

సమస్య: చల్లటి నీరు, ఆవిరి మార్చి మార్చి పంపే జాకెట్టులో (రియాక్టరు చుట్టూ ఉండే బయటి తొడుగులో) వెల్డింగు పక్కన సన్నని పగుళ్లు వచ్చాయి. డై పెనెట్రంట్ పరీక్ష (పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగు పూసి, తుడిచి చూసే పరీక్ష) చేస్తే, పైన చల్లిన తెల్లని డెవలపరు పొడి మీద ఎర్రటి గీతలు చెట్టు వేళ్లలా పాయలుగా చీలి కనిపిస్తాయి.

కారణం: నీటిలోని క్లోరైడు, వెల్డింగు వల్ల లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, ఈ మూడూ ఒకచోట కలవడం. బోరు నీటిలో క్లోరైడు తక్కువగానే ఉన్నా, అడుగున నిలిచిన నీరు ఆవిరి వేడికి ఇగిరినప్పుడల్లా ఉప్పు అక్కడే చిక్కబడుతుంది. నల్గొండ నీళ్లనగానే మనకు ఫ్లోరైడే గుర్తుకొస్తుంది గాని, ఈ పగుళ్ల విషయంలో ముందుగా కొలిపించవలసింది క్లోరైడునే.

పరిష్కారం: ఈ పగుళ్లకు 316ఎల్ మందు కాదు, అది కొంతకాలం ఆపుతుందేమో గాని నివారించదు. సాఫ్ట్‌నర్ పెట్టించి నిశ్చింతగా ఉండటం కూడా సరికాదు, ఎందుకంటే అది కాల్షియం, మెగ్నీషియంలను తీస్తుందే తప్ప క్లోరైడును తీయదు. ఆర్ఓ నీరు వాడాలి, ఆవిరి పంపే ముందు జాకెట్టును పూర్తిగా ఖాళీ చేయాలి, గార తీయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఎంతమాత్రం వాడనివ్వకూడదు. పగులు పైకి కనిపించేదానికన్నా లోతుగా పాకి ఉంటుంది కాబట్టి, పైపైన వెల్డింగు పూత వేయకుండా దెబ్బతిన్న ప్లేటు ముక్కను కోసి మార్చడమే మేలు. కొత్తగా చేయించేవారు 22 శాతం క్రోమియం ఉన్న 2205 డూప్లెక్స్ స్టీలును (ఈ పగుళ్లను ఎక్కువగా తట్టుకునే మరో రకాన్ని) పరిశీలించవచ్చు.

సమస్య: పగుళ్లు లేవు, కానీ వెల్డింగుకు రెండు పక్కలా దానికి సమాంతరంగా లోహం తినేసినట్లుంది. 304లో కార్బను 0.07 శాతం వరకు ఉండవచ్చు. 425 నుంచి 815 డిగ్రీల మధ్య వేడిలో అది తుప్పు నుంచి కాపాడే క్రోమియంతో కలిసి, లోహపు రేణువుల అంచుల్లో ఆ రక్షణ లేకుండా చేస్తుంది. కార్బను 0.03 శాతం మించని 304ఎల్ గాని, టైటానియం కలిపిన 321 గాని వాడితే ఇది రాదు.

సమస్య: మడ్డి పేరుకున్న చోట సూది గుచ్చినట్లు గుంతలు పడ్డాయి. 316ఎల్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. 304లో లేకుండా అందులో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం గుంతలను బాగా అడ్డుకుంటుంది. లోపల వేసే సరుకులోనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే మాత్రం రెండు గ్రేడులూ నిలవవు, లోపల గాజు పూత ఉన్న గ్లాస్ లైన్డ్ రియాక్టరు కావలసిందే.

కొత్త ప్లేటు వచ్చినప్పుడు దాని మీది హీట్ నంబరు (ఏ విడత కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే సంఖ్య) మిల్ టెస్ట్ సర్టిఫికెట్టులోని (తయారీదారు ఇచ్చే పరీక్షల పత్రంలోని) నంబరుతో సరిపోవాలి. అయస్కాంతంతో 304, 316 తేడా తెలియదు. మాలిబ్డినం పరీక్ష చేయించాలి. 304 స్థానంలో 304ఎల్ వేస్తున్నప్పుడు డిజైనులో దానికి అనుమతించిన ఒత్తిడి తక్కువని గుర్తుంచుకుని, రెండు గ్రేడులకూ సరిపోయినట్లు సర్టిఫికెట్టు ఉన్న ప్లేటు కాకపోతే, మందాన్ని డిజైను ఇంజినీరుతో మళ్లీ లెక్క కట్టించిన తరువాతే కోతకు పంపాలి.