అడవి ఇంటర్న్‌షిప్ నుంచి వచ్చాక జ్వరమొస్తే, ఈ ఒక్క మాట డాక్టరుకు చెప్పండి

వానల్లో నల్లమలకో తూర్పు కనుమలకో ఇంటర్న్‌షిప్‌కి బయల్దేరుతున్న ఫారెస్ట్రీ, బోటనీ పిల్లలకు ఇది. బూట్లు వేసుకోండి, పాములుంటాయి, దారి చూపే చెంచు అన్న మాట వినండి అని మీ సార్లు చెప్పే ఉంటారు. నేను చెప్పేది ఇంటికి తిరిగొచ్చాక జరిగే సంగతి. 2025 చివర్లో ఆంధ్రాలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరంతో మరణాల వార్తలు వచ్చినప్పుడు చాలామంది అది పొలం పనులు చేసేవాళ్ల జబ్బు అనుకున్నారు. గడ్డిలో కూర్చునే ఎవరికైనా వస్తుంది, మన పనిలో సగం గడ్డిలోనే.

చెట్టు చుట్టుకొలత నిలబడి తీయొచ్చు. మొలకల లెక్క అలా కాదు, నేల మీద పెట్టిన కొలత ఫ్రేమ్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఇది మద్ది మొలకా, టేకు మొలకా అని ఒక్కో ఆకూ తిప్పి చూడాలి. ఈ జబ్బును మోసే, కంటికి ఆనని చిగ్గర్ పురుగు బట్టల్లోకి ఎక్కేది అప్పుడే. కుట్టినట్టు కూడా తెలియదు. జ్వరం వారం పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు వస్తుంది, అప్పటికి మీరు హాస్టల్లోనో ఊళ్లోనో ఉంటారు.

కొంప ముంచే తప్పు అక్కడే జరుగుతుంది. వానలో తడిశాం కదా, వైరల్ అయ్యుంటుందిలే అని డోలో వేసుకుంటారు, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్తారు, అడవి ఊసు మాత్రం ఎత్తరు. టైఫాయిడ్ అనుకుని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఎక్కిస్తే ఈ జబ్బుకు అది పనిచేయదు. మొదట్లోనే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. ఐసీయూలో పడ్డ ఒక జూనియర్‌కి బెల్టు కింద పురుగు కుట్టిన చోట, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లగా చెక్కు కట్టిన మచ్చ ఉంది. నొప్పి, దురద లేవని తను పట్టించుకోలేదు, అడవికి వెళ్లొచ్చిందని తెలియక డాక్టరూ వెతకలేదు. చివరికి ఒళ్లు తుడుస్తున్న నర్సమ్మ కంటపడింది.

అడవికి వెళ్లొచ్చానని చెప్పండి. అడక్కపోయినా చెప్పండి.

ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. గడ్డి మీద పట్టా వేసుకుని కూర్చోండి. తడి బట్టలు పొదల మీద ఆరేయొద్దు. క్యాంపుకు రాగానే సబ్బుతో స్నానం చేయండి, విప్పిన బట్టలు ఉతక్కుండా మళ్లీ తొడగొద్దు. చంకలు, గజ్జలు, నడుము రోజూ చూసుకోండి. నేల మీద పడుకోవద్దు, కట్లపాము నిద్రలో కరిస్తే చాలాసార్లు నొప్పే తెలియదు. తెల్లారి కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలినా 108కి ఫోన్ చేయండి. దోమతెర వదలొద్దు, జ్వరం వస్తే మలేరియా టెస్టు కూడా చేయించమనండి. డాక్సీ మీ అంతట మీరు కొని మింగొద్దు. మచ్చ కనపడకపోయినా జబ్బు ఉండొచ్చు. డెడ్‌లైన్ ఉందని జ్వరంతో డేటా ఎంట్రీకి కూర్చోవద్దు, చెట్టు వ్యాసం రాయాల్సిన కాలమ్‌లో పొరపాటున చుట్టుకొలత పడిందంటే కాండం వైశాల్యం దాదాపు పది రెట్లవుతుంది, ప్లాట్ లెక్కంతా పాడవుతుంది. షీట్లు ఆగుతాయి. జ్వరం ఆగదు. ఏ అడవికి వెళ్లారో, ఏ తేదీన వచ్చారో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, డాక్టరుకు చూపించండి. అడవికి వెళ్లొచ్చానని చెప్పండి. అమ్మకో రూమ్మేట్‌కో కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి, మీకు స్పృహ తప్పితే ఆ మాట డాక్టరుతో చెప్పాల్సింది వాళ్లే.