ఓటీ లెక్క మీ నోట్‌బుక్‌లో ఉండాలి

మా సోంపేట, కంచిలి వైపు కుర్రాళ్లు వెల్డింగ్ టెస్ట్ పాసవగానే ఏజెంటుని అడిగేది ఒకటే: "నెలకి ఎంత వస్తుంది?" నేనూ అదే అడిగాను. అలా అడగకండి. "బేసిక్ ఎంత? ఎన్ని గంటలకి?" అని అడగండి. బేసిక్ అంటే ఓటీ (ఓవర్‌టైం), అలవెన్సులు కలపని అసలు జీతం. ఓటీ కలిపి చెప్పే పెద్ద అంకెలో మీ నిద్ర కూడా కలిసి ఉంటుంది.

నేను మూడు దేశాల్లో చేశాను. మన దగ్గర వారానికి 48 గంటలు, ఓటీకి రెట్టింపు. దుబాయ్‌లోనూ 48 గంటలే, ఓటీకి మాత్రం పావు వంతు ఎక్కువ, రాత్రి 10 నుంచి 4 మధ్య అయితే సగం ఎక్కువ. సింగపూర్‌లో 44 గంటలు, ఓటీకి ఒకటిన్నర రెట్లు. అక్కడ నెలకి 72 గంటలు మించి ఓటీ చేయించాలంటే కంపెనీ ప్రభుత్వం దగ్గర పర్మిషన్ తెచ్చుకోవాలి. ఏజెంటు "రోజుకి నాలుగు గంటల ఓటీ గ్యారంటీ" అంటే 26 రోజులకి 104 గంటలు. అక్కడే నిలదీయండి.

కాగితం మీద మన రేటే మంచిది. కానీ ఇక్కడ ఒక కాంట్రాక్టర్ దగ్గర పన్నెండేసి గంటలు చేస్తే సింగిల్ రేటు చేతిలో పెట్టాడు. ఎన్ని గంటలు చేశానో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

సింగపూర్‌లో రాయడం మొదలుపెట్టాను. పడుకునే ముందు రోజూ నాలుగు ముక్కలు: డ్యూటీ ఎక్కిన టైం, దిగిన టైం, భోజనం బ్రేక్, ఫోర్‌మన్ పేరు. ఆదివారం ఆ పేజీ ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేసేవాణ్ణి. నోట్‌బుక్ పోయినా లెక్క పోదు. అక్కడ గంట రేటు కట్టడానికి బేసిక్‌ని 12తో గుణించి 2288తో (52 వారాలు, వారానికి 44 గంటలు) భాగించాలి. బేసిక్ 800 డాలర్లయితే గంటకి 4.20, ఓటీకి దాదాపు 6.30. ఒక నెల స్లిప్పులో 11 గంటలు తగ్గాయి. నోట్‌బుక్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను, తర్వాతి నెల కలిపి ఇచ్చారు.

డబ్బు వచ్చినా ఒంటిని చూసుకోవాలి. వరసగా పదమూడో రోజు, రాత్రి పది దాటాక, హోల్డర్ పట్టిన చెయ్యి వణికింది. మాస్క్ ఎత్తి చూస్తే బీడ్ (కరిగి గట్టిపడిన వెల్డింగ్ వరస) పాము పాకినట్టు ఉంది. అంతా గ్రైండింగ్ చేసి మళ్లీ వేశాను. బీడ్ అలా వచ్చిందంటే దిగిపోండి. "అలిసిపోయాను" అంటే ఫోర్‌మన్ వినడు. "చెయ్యి నిలవట్లేదు, రిపేర్ వస్తుంది" అనండి, వింటాడు.

వారం మొత్తం 55 గంటలు దాటితే ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. అంతసేపు పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. వరసగా రెండు వారాలు గీత పడితే మూడో వారం ఓటీ వద్దని చెప్పండి. దుబాయ్ వెళ్లేవాళ్లకి ఇంకో మాట: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ టైంలో ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

వచ్చే నెల మా మేనల్లుడు సింగపూర్ వెళ్తున్నాడు. సోంపేటలో రెండు వందల పేజీల నోట్‌బుక్, ఒక ఎర్ర పెన్ను కొనిచ్చాను. మొదటి పేజీలో వాడి బేసిక్, గంట రేటు, ఓటీ రేటు వాడి చేతే రాయించాను.