నీమ్, ఆర్ల్ రోమన్ కట్టడాల యాత్రకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

దక్షిణ ఫ్రాన్స్‌లోని నీమ్‌లో బస చేసి, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న పోన్ ద్యు గార్ అనే రోమన్ల నాటి నీటి వంతెనను ఒక రోజు, ఆర్ల్ పట్టణాన్ని మరునాడు చూడడం మేలు. ఒక్క రోజులో అన్నీ చుట్టాలనుకుంటే ఏదీ తనివితీరా చూడలేము.

మన లైసెన్సుతో అక్కడ కారు నడపాలంటే రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ముందే తీసుకుని, అసలు లైసెన్సును కూడా వెంట ఉంచుకోవాలి. గేర్లు మార్చే అలవాటు లేనివారు ఆటోమేటిక్ కారే కావాలని బుకింగ్‌లోనే స్పష్టంగా అడగాలి. కారు తీసుకునేటప్పుడు మెరిసే జాకెట్టు, హెచ్చరిక త్రికోణం ఉన్నాయో లేదో స్వయంగా చూసుకోవాలి, ఎందుకంటే అవి లేకపోతే జరిమానా పడుతుంది. అక్కడ కుడివైపు నడపాలి కనుక మొదటి గంట ఖాళీ రోడ్ల మీదే సాధన చేయండి. మోటారు మార్గంలో గరిష్ఠ వేగం 130 కిలోమీటర్లు, వాన పడితే 110 మాత్రమే.

దాదాపు 49 మీటర్ల ఎత్తున్న పోన్ ద్యు గార్ మూడంతస్తుల కమానుల వంతెన. దాని రాళ్లలో కొన్ని గోడ నుంచి బయటికి పొడుచుకుని ఉంటాయి; కట్టేటప్పుడు పరంజాను మోసింది అవే. వంతెనను తీరిగ్గా చూడడానికి కనీసం మూడు గంటలు కేటాయించండి. శరత్కాలంలో దాని కింద పారే గార్దోఁ నది ఉన్నట్టుండి పొంగుతుంది కాబట్టి వాతావరణ హెచ్చరిక చూడకుండా ఒడ్డుకు దిగకూడదు. ఆర్ల్‌లోని రోమన్ల నాటి రంగస్థలం మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పట్టున్న బూట్లు తప్పనిసరి. వేసవిలో నీళ్లు, టోపీ మరవకండి. ఎక్కడ ఆగినా సామాను కారులో కంటికి కనపడేలా వదలకండి.